పుట్టగొడుగు తినేదో కాదో తేలాలంటే మొదలు దాకా తవ్వి చూడాలి

కడప జిల్లాలో నేల బాగా నానేటంత వాన పడి, మర్నాడు ఉక్కపోత మొదలైందంటే పుట్టగొడుగులు లేచే అదును వచ్చినట్టే. చెరువు కట్టల మీద, చేని గట్ల మీద, గుట్టల కింద బీళ్లలో తెల్లవారేసరికి కనిపిస్తాయి. ఊళ్లో పెద్దవాళ్లు ఒక్క చూపులో ఇది తినేది, ఇది కాదు అని చెప్పేస్తారు. ఏటా వానాకాలంలో చూసి చూసి వచ్చిన చూపు అది. చదువులకూ ఉద్యోగాలకూ ఊరు వదిలిన మనలో చాలామందికి అది లేదు. సెలవులకు వచ్చినప్పుడు గట్టు మీద తెల్లగా ఏదో కనిపిస్తే ఫోన్ తీసి ఫోటో కొట్టి, యాప్ ఏ పేరు చెబితే అదే నిజమనుకుంటాం. ఫోటోలో గొడుగు పైభాగం మాత్రమే ఉంటుంది. ప్రాణం తీసేదా కాదా అని చెప్పే గుర్తులు చాలావరకు గొడుగు కింద, నేల లోపల ఉంటాయి.

అందుకే నా సలహా ఇది. అన్ని రకాలనూ గుర్తుపట్టాలని పెట్టుకోకండి. మన సీమలో తరతరాలుగా తింటున్న, చెదల గూటి నుంచి లేచే అసలు పుట్టగొడుగు ఒక్కదాన్నే పైనుంచి మొదలు దాకా నేర్చుకోండి. దానికి ఉండాల్సిన గుర్తులన్నీ ఉంటేనే తీసుకోండి. ఒక్కటి తగ్గినా అక్కడే వదిలేయండి. మొదటి వానాకాలమంతా ఊళ్లో బాగా తెలిసిన అవ్వతోనో జేజినాయనతోనో కలిసి వెళ్లండి. ఇది చదివి ఒంటరిగా కోసుకొచ్చి వండుకోవద్దు. వాళ్లు చూపించేటప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో మీకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఇది ఎక్కడి నుంచి వస్తుందంటే

చెదపురుగులు ఎండుటాకులు, పుల్లలు కొరికి తెచ్చి, గూటి లోపల గదులు గదులుగా పేర్చి, వాటి మీద ఒక బూజును పెంచుతాయి. వాటికి అదే తిండి. వానలకు నేల నానాక ఆ బూజు గూటి నుంచి మట్టిని చీల్చుకుని పైకి ఒక కాడను పంపుతుంది. మనం చూసే పుట్టగొడుగు అదే. ఈ జాతికి టెర్మిటోమైసిస్ అనే పేరును 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ పెట్టాడు. దక్షిణ భారతదేశంలో దొరికే ఒక రకానికి ఆయన గౌరవార్థం టెర్మిటోమైసిస్ హైమీ అని పేరుంది. చెదలు లేకుండా ఇది బతకదు కాబట్టి బటన్, పాల పుట్టగొడుగుల్లాగా షెడ్డుల్లో పెంచి ప్యాకెట్లలో అమ్మేది కాదు.

దీని పుట్టుక తెలిస్తే పెద్ద గుర్తు కూడా తెలిసినట్టే. గూడు లోతుగా ఉంటుంది, పుట్టగొడుగు పైన ఉంటుంది, రెంటినీ కలుపుతూ పొడుగాటి మొదలు ఉండి తీరాలి. పైకి పుట్ట కనిపించకపోవచ్చు. చాలా చెదల గూళ్లు నేల లోపలే ఉంటాయి, పైన చదునైన గట్టు తప్ప ఏమీ కనిపించదు. దానికి తోడు, పుట్ట పక్కన లేచినంత మాత్రాన అది పుట్ట నుంచే లేచిందని కాదు. తవ్వితే తప్ప తేలదు.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లకూడదు

మన జిల్లాకు నైరుతి వానలూ వస్తాయి, ఈశాన్య వానలూ వస్తాయి. కాబట్టి ఆరుద్ర కార్తె మొదలుకొని అక్టోబర్, నవంబర్ దాకా ఎప్పుడు మంచి వాన పడితే అప్పుడు లేవచ్చు. ఉరిమితే లేస్తాయని ఊళ్లో అంటారు. ఉరుములతో వచ్చే వాన ఒక్కసారిగా నేలను నానబెట్టేస్తుంది, లేవడానికి ఆ తడి కావాలి. పొద్దున్నే వెళ్లాలి. ఎండ ఎక్కేకొద్దీ గొడుగు పూర్తిగా విచ్చుకుంటుంది, ఈగలు గుడ్లు పెడతాయి, సాయంత్రానికి లోపల పురుగులు తిరుగుతుంటాయి.

ఇప్పుడు స్థలం సంగతి. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వేరుశనగ చేలలో చెదల బెడదకు క్లోరిపైరిఫాస్ లాంటి మందు చల్లుతారు, నేరుగా పుట్టలోనే పోసేవాళ్లూ ఉన్నారు. ఆ పుట్ట మీద లేచింది అసలు పుట్టగొడుగే అయినా తినడానికి పనికిరాదు. చేను ఎవరిదో కనుక్కుని, ఈ మధ్య మందు కొట్టారేమో అడిగి, అప్పుడు ముట్టుకోండి. పుట్టగొడుగులు మట్టిలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలను లోపలికి లాక్కుంటాయి కూడా. గనుల తవ్వుడు కుప్పల దగ్గర, గనుల వ్యర్థాల చెరువుల చుట్టుపక్కల, సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము పడే చోట, హైవే పక్కన ఎంత బాగా లేచినా వద్దు.

అడవుల విషయానికొస్తే పాలకొండలు, శేషాచలం, లంకమల వైపు ఎక్కడంటే అక్కడికి దూరిపోయే వీలు లేదు. సిద్ధవటం, బద్వేలు మధ్య ఉన్నది శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం. 1986లో కలివికోడి అనే అరుదైన పక్షి మళ్లీ కనిపించిన ప్రాంతం అది. అనుమతి లేకుండా లోపల ఏదీ సేకరించకూడదు. పైగా ఎర్రచందనం అడవుల్లో సంచి, కత్తి పట్టుకుని తిరిగితే ఫారెస్టు వాళ్లు ఆపి ప్రశ్నిస్తారు, అది వాళ్ల పని. చేని గట్లు, చెరువు కట్టలు, ఊరి బీళ్లు మనకు చాలు.

వెదురు బుట్ట, పాత న్యూస్ పేపర్లు, చిన్న గునపం, పదునైన చాకు, ఒక కర్ర తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమటపట్టి గంటల్లో పాడవుతాయి. కాళ్లకు బూట్లు ఉండాలి. పుట్టల్లో నాగుపాములు ఉంటాయని చెప్పక్కర్లేదు, ముందు కర్రతో నేల తట్టండి, బొరియల్లో చెయ్యి పెట్టకండి. ఊరివాళ్లు పాలు పోసి పసుపు కుంకుమ పెట్టే పుట్టల జోలికి అసలే పోవద్దు.

తవ్వే పద్ధతి

పుట్టగొడుగు కనిపించగానే చెయ్యి పెట్టి లాగకండి. లాగితే కాడ నేల మట్టం దగ్గరే తెగుతుంది, చూడాల్సినదంతా లోపలే ఉండిపోతుంది. గుంపులో ఒకదాన్ని ఎంచుకుని, దానికి బెత్తెడు దూరంలో ఒక పక్కగా గునపంతో మట్టి తీయండి. తడి నేల కాబట్టి సులువుగానే వస్తుంది. జానెడు లోతు దిగాక ఆ పక్క మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చండి.

అసలు పుట్టగొడుగైతే కాడ నేలలోకి దిగిన చోట ఆగిపోదు. కాస్త లావై, అక్కడి నుంచి సన్నబడుతూ కిందికి దిగుతూనే ఉంటుంది. మట్టి పట్టి పైతోలు గోధుమరంగులోనో నల్లగానో కనిపించినా గోటితో గీరితే లోపల తెల్లగా ఉంటుంది. జానెడు, మూరెడు, ఒక్కోచోట ఇంకా లోతుకు పోతుంది. చివరిదాకా పోతే బూడిదరంగు గూడు, అందులో కదిలే చెదలు కనిపిస్తాయి. అంత దాకా ప్రతిసారీ తవ్వి గూడు పాడుచేయనక్కర్లేదు, అదే గూటి నుంచి వచ్చే ఏడాది కూడా లేవాలి కదా. గుంపుకు ఒకటి లోతుగా తవ్వి చూస్తే చాలు, తీసిన మట్టి మళ్లీ పూడ్చేయండి. మిగతావాటిని మాత్రం ఒక్కొక్కటిగా, చుట్టూ మట్టి వదులు చేసి, కొంత మొదలు ఊడొచ్చేలా తీయాలి. ప్రతి ఒక్కదాని మొదలునూ కళ్లతో చూడాలి. ఒకే గట్టు మీద రెండు రకాలు పక్కపక్కనే లేవడం మామూలే.

మొదలు పొడుగ్గా ఉంది కదా అని అక్కడితో ఆగిపోవద్దు. నేలలో పాతుకుపోయిన కట్టె మీంచి లేచే వేరే రకాలకూ పొడుగాటి మొదలు ఉంటుంది. మిగతా గుర్తులు కూడా కలవాలి.

చేతిలోకి తీసుకున్నాక

గొడుగు నడినెత్తిన మొన ఉందా చూడండి. విచ్చుకోక ముందు గొడుగంతా కోసుగా ఉంటుంది. గట్టి మట్టిని చీల్చుకుని రావాలి కాబట్టి ఆ మొన గట్టిగా ఉంటుంది, గొడుగు పూర్తిగా విచ్చుకున్నాక కూడా నడుమ బొడిపెలా మిగులుతుంది. రంగు మొన దగ్గర ముదురు బూడిద, గోధుమ, అంచుకు పోయేకొద్దీ తెలుపు. ముదిరితే అంచు చీలికలు చీలికలుగా పగులుతుంది. పైన ఊడొచ్చే పొలుసులు గానీ, అంటించినట్టున్న తెల్ల పెచ్చులు గానీ ఉంటే వదిలేయండి.

తిప్పి కింద రేకులు చూడండి. దగ్గర దగ్గరగా, తెల్లగా ఉంటాయి, ముదిరేకొద్దీ లేత గులాబీ జీర వస్తుంది, కాడకు అతుక్కుని ఉండవు. ఆకుపచ్చ, తుప్పురంగు, నలుపు ఏది కనిపించినా అది మనది కాదు.

కాడను నిలువునా చీల్చండి. కోడికూరలో కండ విడివడినట్టు పోగులు పోగులుగా విడిపోతుంది. లోపల గట్టిగా, తెల్లగా ఉండాలి, గాలి తగిలి ఎర్రగానో పసుపుగానో మారకూడదు. వాసన హాయిగా ఉంటుంది. ఫినాయిల్ వాసన, కుళ్లు వాసన వస్తే పారేయండి.

ఇక ఉంగరం, సంచి. గొడుగు విచ్చుకునేటప్పుడు తెగిన పొర కాడ చుట్టూ పట్టీలా మిగిలితే దాన్ని ఉంగరం అంటాం. కాడ మొదట్లో చిరిగిన గుడ్డు పెంకులాంటి పొర ఉంటే అది సంచి. రేకులు తెల్లగా ఉండి, కాడకు ఉంగరమో మొదట్లో సంచో ఉంటే అది అమనిటా జాతి అని అనుమానించాలి. ప్రపంచంలో పుట్టగొడుగుల వల్ల జరిగే మరణాల్లో ఎక్కువ భాగం ఈ జాతిలోని కొన్ని రకాల వల్లే. ఇవి చెట్ల వేళ్లతో కలిసి బతుకుతాయి, కాబట్టి అడవిలో, తోపుల్లో చెట్ల కింద మరీ జాగ్రత్త. సంచి మట్టిలోనే ఉండిపోతుంది, చాకుతో కాడ కోసుకొచ్చినవాళ్లకు అది ఎప్పటికీ కనిపించదు. నేను తవ్వమని ఇంతగా చెప్పడానికి అసలు కారణం ఇదే. చెదల గూటి పుట్టగొడుగుల్లోనూ టెర్మిటోమైసిస్ హైమీకి ఉంగరం ఉంటుంది, దాన్ని తింటారు కూడా. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉంగరం గానీ సంచి గానీ ఉన్నదేదైనా వదిలేయాలనే అంటాను. ఒక పూట కూర పోతే పోయింది.

రాత్రంతా పెట్టే పరీక్ష

ఇంటికి తెచ్చాక ఒకటి రెండు విచ్చుకున్న గొడుగులను పరీక్షకు పక్కన పెట్టండి. కాడను రేకుల దాకా కోసేసి, సగం తెల్ల కాగితం మీద, సగం నల్ల కాగితం మీద వచ్చేలా గొడుగును రేకులు కిందికి ఉండేట్టు బోర్లించండి. పైన ఒక చుక్క నీళ్లు వేసి గిన్నె మూత పెట్టండి. పొద్దున నిదానంగా నిట్టనిలువుగా పైకెత్తితే రేకుల గీతలన్నీ కాగితం మీద పొడితో అచ్చుపడి ఉంటాయి. ఆ పొడి విత్తనాల్లాంటిది, దాని రంగు జాతిని బట్టి మారుతుంది.

అసలు పుట్టగొడుగుకు లేత గులాబీ, లేదా గులాబీ జీర ఉన్న మీగడ రంగు పడుతుంది. తెల్ల కాగితం మీద ఏమీ కనిపించకుండా నల్లదాని మీద తెల్లగా పడితే అమనిటానో, అలాంటిదే మరొకటో కావచ్చు, మొత్తం బుట్ట పారేయండి. ఆకుపచ్చ, తుప్పు, నలుపు పడినా అంతే. గులాబీ పడింది కదా అని వెంటనే వండేయొద్దు, ఎంటొలోమా అనే విష జాతికీ గులాబీ పొడే. దానికి చెదల గూటి దాకా దిగే మొదలు ఉండదు. అందుకే తవ్వడం, అచ్చు తీయడం రెండూ చేయాలి. రాత్రికి మిగతావాటిని పేపర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి బాగానే ఉంటాయి.

మోసం చేసేవి

మన దగ్గర ఎక్కువగా పొరబడేది బీళ్లలో, పచ్చిక మీద, స్కూలు గ్రౌండుల్లో లేచే పెద్ద తెల్ల గొడుగుతో. దీన్ని శాస్త్రవేత్తలు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అంటారు. పళ్లెమంత పెరుగుతుంది, చూడ్డానికి ఎంతో బాగుంటుంది, అదే దాని ప్రమాదం. పైన గోధుమరంగు పొలుసులు, కాడకు పైకీ కిందికీ జరిగే ఉంగరం ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరాకే ఆకుపచ్చ జీర వస్తుంది. రంగు చూసి పోల్చుకోవాలనుకున్నవాళ్లు మోసపోయేది అక్కడే. అచ్చు తీస్తే ఆకుపచ్చ పడుతుంది, తవ్వితే రెండు మూడు వేళ్ల లోతులోనే కాడ ముగిసిపోతుంది. తింటే చాలావరకు ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, పిల్లలు నీరసించిపోతారు.

పుట్టల చుట్టూ వందలకొద్దీ లేచే బుల్లి తెల్ల పుట్టగొడుగులను కొందరు తింటారు. టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అనే ఆ రకం తినేదే. కానీ చెదలు గూటి ముక్కలను బయటికి తెచ్చి పడేసిన చోట అది లేస్తుంది కాబట్టి దానికి పొడుగాటి మొదలు ఉండదు, అంటే మన ముఖ్యమైన గుర్తే లేదు. అదే సైజులో ఉండే లెపియోటా జాతిలో కొన్నింటికి అమనిటాలో ఉండే విషమే ఉంది. చిన్నవాటిని ఊళ్లో పెద్దవాళ్లకే వదిలేయండి.

కె.సి. కెనాల్ కింద వరి పండే ఊళ్లలో గడ్డివాముల మీద లేచేది వరిగడ్డి పుట్టగొడుగు. అది తినేదే, కానీ దానికి మొదట్లో సంచి ఉంటుంది. సంచి ఉంటే వదిలేయాలన్న నియమం పెట్టుకున్నాం కాబట్టి బయట దానంతట అది లేచినది వద్దు, కావాలంటే పెంచినది కొనుక్కోండి. పేడకుప్పల మీద లేచేవాటిలో కొన్ని మతి భ్రమింపజేస్తాయి. సిరాలా కరిగిపోయేవాటిలో ఒక రకం, మందు తాగేవాళ్లకు గుండెదడ, వాంతులు తెప్పిస్తుంది. ఎండిన పుట్టల మీద గొడుగు విచ్చుకోకుండా మూసుకుపోయి, లోపల నల్లటి పొడిగా మారేది పొడాక్సిస్. దాన్నీ వదిలేయండి.

నమ్మకూడని పరీక్షలు

వెండి నాణెం వేస్తే నల్లబడుతుందనీ, వెల్లుల్లి రంగు మారుతుందనీ, బియ్యం ఎర్రబడతాయనీ చెప్పేవి ఏవీ నిజం కావు. పురుగు తిన్నదైతే మనమూ తినొచ్చు, మేక తింటే మంచిదే, పైతోలు ఊడితే తినేదే అన్నవీ అంతే. చింతపండు, పసుపు, ఉప్పు వేసి ఉడికించినా, ఎండబెట్టినా అమనిటా విషం చావదు. అది వేడికి విరగదు. వీటిలో ఏ ఒక్కదాన్నో నమ్మి గుర్తులు చూడడం మానేస్తారు కాబట్టే ఇవి ప్రమాదం.

2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు, ఎక్కువమంది టీ తోటల కుటుంబాలవాళ్లు. ఊరి ఆకులూ దుంపలూ ఏరుకుని తినడం అలవాటున్నవాళ్లే. ఒక చోట నేర్చుకున్న గుర్తులు ఇంకో చోట పనికొస్తాయన్న హామీ లేదు. మన గట్టు మీద తెలిసినదాన్ని చూసి కేరళలోనో, అరకులోనో అలాంటిదే అనుకుని కోయకండి.

మొదటిసారి తినేటప్పుడు

గుర్తులన్నీ కలిసి, అచ్చు సరిపోయి, తెలిసిన పెద్దవాళ్లు ఔనన్నాకే పొయ్యి మీద పెట్టండి. కాడ గీరి, మట్టి పోయేలా నాలుగైదు నీళ్లు కడిగి, బాగా ఉడికించాలి. పచ్చిగా, సగం ఉడికినవి వద్దు. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ధనియాల పొడి వేసి వండితే రాగి సంకటిలోకీ జొన్నరొట్టెలోకీ దాన్ని మించింది లేదు. అయినా మొదటిసారి రెండు స్పూన్లకు మించి తినకండి, మర్నాటి దాకా ఆగండి. అసలు పుట్టగొడుగే అయినా కొందరి ఒంటికి పడదు. పిల్లలకు, గర్భిణులకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు పెట్టొద్దు. ఇంట్లో అందరూ ఒకే పూట తినొద్దు. మొదలుతో సహా పచ్చిది ఒకటి పేపర్లో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి, ఏదైనా జరిగితే డాక్టర్‌కు అదే ఆధారం.

తేడా చేస్తే

తిన్న గంట రెండు గంటల్లో వాంతులైతే భయపడతాం, వెంటనే ఆసుపత్రికి పోతాం. అంతకంటే ప్రమాదమైనది ఆలస్యంగా మొదలయ్యేది. రాత్రి తిన్నదానికి మర్నాడు పొద్దున, అంటే ఆరు గంటలు దాటాక కడుపునొప్పి, వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటే అమనిటా విషమేమో అని అనుమానించాలి. ఒక రోజు తర్వాత తగ్గినట్టు ఉంటుంది, మనిషి లేచి కూర్చుంటాడు. ఆ సమయంలో లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది, మూడో రోజుకో నాలుగో రోజుకో కామెర్లతో బయటపడుతుంది. తగ్గింది కదా అని ఇంటికి తెచ్చేయకండి, కాలేయ పరీక్షలు చేయించి డాక్టర్లు పొమ్మనే దాకా ఆసుపత్రిలోనే ఉండాలి.

ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, మజ్జిగ, నిమ్మరసం, పసరు ఇవ్వడం వద్దు. 108కి ఫోన్ చేసి కడప రిమ్స్ లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రోజంతా అందుబాటులో ఉంటుంది, మీ డాక్టర్ కూడా అక్కడ మాట్లాడవచ్చు. ఫ్రిజ్‌లోని పచ్చి పుట్టగొడుగు, మిగిలిన కూర వెంట తీసుకెళ్లండి. ఎన్ని గంటలకు తిన్నారు, ఎన్ని గంటలకు మొదటి వాంతి అయింది, ఇంకా ఎవరెవరు తిన్నారు అన్నది కాగితం మీద రాసివ్వండి. తిన్నవాళ్లందరినీ, ఏమీ కాలేదన్నా సరే, అదే బండిలో ఎక్కించండి.